పెళ్లి మందు కాదు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించినప్పుడు శత్రువు కంటికి కనిపించేవాడు. ఊళ్లో అంగడి ఉండేది, దాని వెనుక కంట్రాక్టరు ఉండేవాడు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధాన్ని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని సాధించింది. 1997లో ప్రభుత్వమే ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఆనాడు భర్తల తాగుడు మీద తిరగబడిన తరం ఈనాడు కొడుకుల, మనవల మత్తును చూడవలసి వస్తోంది.

గిలకలదిండిలో వేటకెళ్లే కుర్రాడైనా, చిలకలపూడి రోల్డుగోల్డు పనివాడైనా, గుడివాడ కాలేజీ విద్యార్థి అయినా, నాగాయలంక రొయ్యల చెరువుకు రాత్రి కాపలా కాసే యువకుడైనా, మొదటి గ్లాసు, మొదటి గంజాయి పొట్లం తరచుగా స్నేహితుడి చేతి నుంచే వస్తాయి. ఇప్పుడు ముట్టడించడానికి ఎదురుగా అంగడి లేదు. సరుకు జేబులో ఉంటుంది.

తల్లి నోరు విప్పదు. పరువు పోతుందని భయం, పోలీసులు పట్టుకెళతారని భయం. చివరికి పెద్దలు చెప్పే మందు ఒక్కటే: "పెళ్లి చేయండి, వాడే దారికొస్తాడు." విషయం దాచి ఒక ఆడపిల్లను ఆ ఇంటికి తెస్తారు. కొడుకు రోగాన్ని కోడలి బతుకుతో నయం చేయాలనుకోవడం కంటే అన్యాయం ఉందా? దెబ్బలు ఇద్దరు స్త్రీలకు పంచడం తప్ప ఆ పెళ్లి సాధించేదేమిటి?

మత్తుకు బానిస కావడం జబ్బు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితులను మానసిక అస్వస్థతలోనే చేర్చింది, ప్రభుత్వ చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. 1985 మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, మత్తుమందు వాడినందుకో, స్వల్ప పరిమాణంలో కలిగి ఉన్నందుకో కేసులో ఉన్న బానిస తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట పూర్తిగా చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. కొడుకు చేయి చేసుకుంటే తల్లి కూడా 2005 గృహహింస చట్టాన్ని ఆశ్రయించవచ్చు. ఈ మూడు సంగతులు ఎంతమంది తల్లులకు చేరాయి? కేంద్రప్రభుత్వం 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందింది.

ప్రభుత్వాల సంగతి సరేసరి. 2019లో దుకాణాలను సర్కారే నడిపింది. 2024 అక్టోబరులో అవి మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి, క్వార్టరు 99 రూపాయలకే వచ్చింది. ఎవరు అమ్మినా ఖజానాకు ఆ రాబడి కావలసిందే. ఒక చేత్తో సీసా అందిస్తూ, రెండో చేత్తో అవగాహన ర్యాలీలో ప్లకార్డు పట్టుకుంటే పిల్లలు దేన్ని నమ్ముతారు?

అందుకే మన పని రెండు వైపులా సాగాలి. 21 ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మే దుకాణం మీద ఫిర్యాదు చేయాలి. 18 లోపు పిల్లలకు మద్యం, మత్తుమందు ఇచ్చేవారికి 2015 బాలల న్యాయచట్టం 77వ సెక్షను కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉందని ప్రతి గ్రామసభలో చెప్పాలి. గంజాయి అమ్మకాల సమాచారాన్ని 1972 నంబరుకు అందించాలి. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. అక్కడ మత్తు విముక్తి చికిత్స ఏ రోజున, ఏ గదిలో దొరుకుతుందో దివిసీమ చివరి ఊరి తల్లికి కూడా తెలిసేలా అధికారులను నిలదీయాలి. సలహా కోసం 14446 ఉందని ప్రతి ఇంటికీ చెప్పాలి.

అన్నిటికన్నా ముందు, తల్లి నోరు విప్పగల చోటు మన సంఘమే కావాలి. "నీ పెంపకం" అని ఆమెను నిందించే మాట మన సమావేశాల్లో వినపడకూడదు. ఆనాడు దూబగుంటలో స్త్రీలు గెలిచింది ఇంటి బాధను వీధిలోకి తెచ్చినందువల్లే. ఈనాడు దాచుకుంటున్న బాధ కూడా అలాగే వీధిలోకి రావాలి.