తుపాకి హక్కూ, తుపాకి లైసెన్సూ

ఈ సంవత్సరం మన కళాశాల వక్తృత్వ పోటీకి "ఆత్మరక్షణకై ఆయుధం ధరించుట పౌరుని హక్కు కావలెనా?" అన్న విషయాన్ని ఎవరు సూచించారో గాని, హాలు నిండిపోయింది. "విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా" అని పెట్టిన ఏడాది వెనుక బెంచీలు ఖాళీగా ఉన్నాయి. పత్తికొండ ప్రాంతపు పిల్లలకు తుపాకి అంటే సినిమా సామాను కాదు మరి. పెద్దమనుషుల భుజాల మీదా, గన్‌మన్ల చేతుల్లోనూ చూసిందే. మొదటి బహుమతి వచ్చిన విద్యార్థి వాదన ఇది: "మన శాసనసభ ఒక చట్టం చేసి, అర్హత గల ప్రతివాడికీ తుపాకి ఉంచుకునే హక్కు, వెంట తీసుకుపోయే హక్కు ఇవ్వాలి. అమెరికాలో లేదా? అప్పుడు గానీ సీమలో బలవంతుడూ బలహీనుడూ సమానం కారు." చప్పట్లు మోగాయి. న్యాయనిర్ణేతల్లో ఒకడిగా నేనూ మంచి మార్కులే వేశాను. మార్కులు వాగ్ధాటికి వేస్తాం గదా, అభిప్రాయానికి కాదు. అభిప్రాయం మీద నా మాట ఇక్కడ చెబుతాను.

ముందు ఒక చిన్న చిక్కు. మన శాసనసభ ఈ చట్టం చేయలేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో కేంద్ర జాబితా 5వ అంశం చూడండి. ఆయుధాలు, తుపాకులు, మందుగుండు, పేలుడు పదార్థాలు అన్నీ పార్లమెంటు చేతిలోనివి. రాష్ట్రానికి మిగిలింది అమలు. అంటే కలెక్టరు కార్యాలయం, పోలీసు నివేదిక, ఫైలు. నా వ్యాసమంతా చివరకు ఆ ఫైలు దగ్గరకే వస్తుంది గనుక పాఠక మిత్రులు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

హక్కు అన్న మాట మన దేశంలో ఎవరూ ఎత్తలేదని కాదు. 1878లో లిట్టన్ ప్రభువు కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు పెట్టి, తెల్లవాడికి మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానం మనవాళ్ల గుండెల్లో చాలాకాలం ఉంది. అందుకే 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధాలు ధరించే హక్కు కూడా ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దీన్నే ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. సవరణ వీగిపోయింది. స్వతంత్ర భారతం 1959లో తన సొంత ఆయుధాల చట్టం చేసుకుంది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. తెల్లవాడు, నల్లవాడు అన్న తేడా పోయింది, లైసెన్సు మాత్రం నిలిచింది. నా దృష్టిలో ఆనాటి సభ చేసింది సరైన పనే.

అమెరికా సంగతి మన పిల్లలకు నాకంటే బాగా తెలుసు, సగం మంది అన్నలూ అక్కలూ అక్కడే ఉన్నారు. అక్కడ 1791 నాటి రెండవ సవరణ ఉంది. రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకుంటాయి. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో అర్హుడైన పెద్దవాడు పర్మిటు లేకుండానే పిస్తోలు పెట్టుకుని తిరగవచ్చు. 2022 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు, వెంట తుపాకి తీసుకుపోవడం పౌరుడి హక్కేనని న్యూయార్క్ రాష్ట్రపు కేసులో చెప్పింది. బాగుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేత ఊళ్లో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును ఒకడు కాల్చి చంపాడు. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ ఊరి దుకాణ సముదాయంలో జరిగిన కాల్పుల్లో మరొక తెలుగు ఇంజనీరు, ఆడబిడ్డ, ప్రాణాలు విడిచింది. వాళ్ల దగ్గర తుపాకి లేకపోవడం వల్ల చనిపోయారా, ఎదుటివాడి దగ్గర ఉండడం వల్ల చనిపోయారా? ఈ ప్రశ్నను వక్తల్లో ఒక్కరూ వేసుకోలేదు.

ఇక మన ఊరికి వద్దాం. పోటీలో అసలు బలమైన వాదన అమెరికాది కాదు, 2017 నాటిది. ఆ సంవత్సరం మే 21న పత్తికొండ నియోజకవర్గ వైఎస్సార్ కాంగ్రెస్ నాయకుడు చెరుకులపాడు నారాయణరెడ్డిని కృష్ణగిరి మండలంలో దారికాచి చంపారు. బండిని ట్రాక్టరుతో గుద్ది, వేటకొడవళ్లతో నరికారు. ఆయన వెంట ఉన్న అనుచరుడూ చనిపోయాడు. లైసెన్సు రెన్యువల్ కోసం ఇచ్చిన తుపాకి ఆయన చేతికి తిరిగి రాలేదనీ, ప్రాణభయం ఉందని చెప్పినా పట్టించుకోలేదనీ ఆయన పక్షం వారు ఆనాడు గట్టిగా ఆరోపించారు. "ఆ తుపాకే చేతిలో ఉండి ఉంటే?" అని విద్యార్థి అడిగినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఎందుకంటే ఆ ప్రశ్న మన టీ అంగళ్లలో ఏళ్ల తరబడి నలిగినదే.

నేను రాజకీయం మాట్లాడబోవడం లేదు. ఎవరు చంపించారన్నది కోర్టుల పని. తుపాకి గురించి మాత్రమే చెబుతాను.

చేతిలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరమూ చెప్పలేం. కాని దాడి ఎట్లా జరిగిందో చూడండి. ముందు బండిని గుద్దడం, ఆ తర్వాత మంది మీద పడడం. 2008 మేలో కప్పట్రాళ్ల వెంకటప్పనాయుడినీ ఆయన వెంట ఉన్నవారినీ కలిపి 11 మందిని చంపినప్పుడూ ఇదే పద్ధతి. మన సీమలో చంపేవాడు ఎదురుగా నిలబడి "రా చూసుకుందాం" అనడు. వాడు ఎదుటివాడి దగ్గర తుపాకి ఉందన్న లెక్క వేసుకునే వస్తాడు. ఉంటే ఇద్దరికి బదులు ఇరవై మందిని తెస్తాడు, నాటుబాంబులు తెస్తాడు. నాటుబాంబుకు లైసెన్సు ఇచ్చే అధికారి ఎవరున్నారు? వేటకొడవలికి? ఆయుధాల చట్టం "ఆయుధం" అన్న మాటకు అర్థం చెబుతూ, కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడే వస్తువులను వదిలేసింది. వదలక తప్పదు, కొడవలి లేని రైతు ఇల్లు ఉండదు గదా. కాబట్టి ఈ ప్రాంతంలో జనం ప్రాణాలు ఎక్కువగా తీసిన పనిముట్టు తుపాకి చట్టం పరిధిలోకి పూర్తిగా రానే రాదు.

ఇంకొక సంగతి. ఆ 11 మందిలో మనకు గుర్తున్న పేరు ఒక్కటే. 2017లో చనిపోయిన అనుచరుడి పేరు మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? డ్రైవరు, పాలేరు, వెంట తిరిగే కుర్రవాడు, వీళ్లకు ఏనాడూ లైసెన్సు రాలేదు, అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. తుపాకి నాయకుడిది, వేటు అందరిది. హక్కు ఇస్తే సమానత్వం వస్తుందన్న మన విద్యార్థి ధర తెలుసుకున్నాడో లేదో. ఒక రివాల్వరు వెలతో ఇక్కడ ఒక కుటుంబం ఎన్ని పంటకాలాలు బతుకుతుందో లెక్క వేసుకోవచ్చు. హక్కు అందరికీ ఇచ్చినా వస్తువు కొనేది ఆ కొందరే.

మన నేలకు ఈ అనుభవం కొత్త కాదు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక కలెక్టరుగా దిగిన థామస్ మన్రో చేసిన మొదటి పని, దాదాపు 80 మంది పాలెగాళ్ల సాయుధబలాన్ని అణచడం. (ఆ మన్రోయే గవర్నరుగా 1827 జూలై 6న మన పత్తికొండలో కలరాతో పోయాడు. పరీక్షలో అడిగితే మనవాళ్లే రాయరు!) పాలెగాడి బలగం పోయింది గాని, బలగం ఉన్నవాడే పెద్దమనిషి అన్న అభిప్రాయం పోలేదు. తుపాకి లైసెన్సు ఈనాడు మనకు అందుకే గౌరవచిహ్నమైంది. రక్షణ కోసం అడిగేవాడు ఒకడైతే, పెళ్లిలో నలుగురూ చూడాలని అడిగేవాడు మరొకడు. 2019 సవరణ చట్టం ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు తగ్గించి, వేడుకల్లో గాలిలోకి కాల్చేవాడికి రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని అని రాసింది. ఊరికే రాస్తారా?

హక్కు వద్దంటున్నాను గనుక ఇప్పుడున్న పద్ధతి బాగుందని అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. బాగా లేదు. నారాయణరెడ్డి పక్షం వారి ఆరోపణ నిజమైనా కాకపోయినా, దాన్ని విన్న ప్రతివాడూ "అయ్యే ఉంటుందిలే" అని నమ్మాడు చూడండి, అదీ రోగం. ఈరోజు ఒక పార్టీ వాడు, రేపు ఇంకొక పార్టీ వాడు. అధికారం మారగానే ఎవరి గన్‌మన్లు పోతారో, ఎవరి ఫైలు కదులుతుందో ఊళ్లో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు. ఎన్నికలప్పుడు తుపాకులు పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయించడం మంచి నియమమే, కాని అది అందరికీ ఒకే తూకంతో జరగాలి.

నిజానికి చట్టంలో కావలసినంత ఉంది. 14వ సెక్షను ప్రకారం, చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి. ప్రజాప్రయోజనానికి భంగమని తోస్తే తప్ప, దరఖాస్తుదారు అడిగినప్పుడు ఆ కారణం తెలియజేయాలి. పోలీసు నివేదిక గడువులోగా రాకపోతే అది లేకుండానే అధికారి తేల్చవచ్చు. 18వ సెక్షను కింద అప్పీలు ఉంది. 2019 తర్వాత లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది గనుక రెన్యువల్ తిప్పలు కూడా కొంత తగ్గాలి. ఇక కావలసిందల్లా "లేదు" అనే అధికారి ఆ మాటను సంతకంతో, తేదీతో, సకాలంలో అనడం. భయపడేవాడికి అప్పుడు కనీసం తన దారి తాను చూసుకునే వీలుంటుంది, అప్పీలుకు పోతాడు, పోలీసు రక్షణ అడుగుతాడు. ఫైలు బల్ల మీద పడుకుంటే అతడికి ఏదీ లేదు.

రైతుల మాట ఒకటి చెప్పాలి. పంట కాపుకు నాటు మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని చట్టంలోనే ఉంది. మన చేలల్లో శనక్కాయ మీదా కంది మీదా పడేవి ముఖ్యంగా కృష్ణజింకలు. వాటిని 1972 వన్యప్రాణి చట్టం కాపాడుతోంది, కాల్చితే రైతే జైలుకు పోతాడు. మొన్న పోటీ ముగిశాక ఒక విద్యార్థి తండ్రి నాతో, "మాకు తుపాకి ఏం జేసుకోను సార్, కంచెకు సబ్సిడీ ఇప్పిస్తే సాలు" అన్నాడు. ఆ పెద్దాయన్ను వేదిక ఎక్కించి ఉంటే మొదటి బహుమతి ఎవరికి పోయేదో!

విద్యార్థి సంఘానికి ఒక పని అప్పగిస్తున్నాను. 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టండి. గత అయిదేళ్లలో ఆయుధ లైసెన్సుకూ రెన్యువల్‌కూ ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఏ తేదీకి తేలాయి, ఎన్నింటిని కారణం రాసి తిరస్కరించారు, ఏమీ చెప్పకుండా ఎన్ని ఉన్నాయి అని అడగండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పయి రోజులు. ముసాయిదా నేను రాసిపెడతాను. సంతకం మాత్రం సంఘం అధ్యక్షుడు చేయాలి. వచ్చిన అంకెలు వచ్చే ఏడాది ఇదే సావనీరులో అచ్చు వేద్దాం.