లెక్కల ముచ్చట్లు: ఆరవ సంఖ్య

బాలలూ! పలకా బలపం దగ్గర పెట్టుకోండి. 2కు 1 కలిపితే 3. 2ను 2తో హెచ్చవేస్తే 4; దానికి 1 కలిపితే 5. 4ను 4తో హెచ్చవేస్తే 16. 1 కలిపితే 17. ఇదే వరసలో 257 వస్తుంది, దాని తరువాత 65,537 వస్తుంది. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. అంటే 1తోనూ, తమతోనూ తప్ప మరే సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది.

ఇక ఆరవది. 65,536ను 65,536తో హెచ్చవేసి 1 కలపండి. 429,49,67,297 వస్తుంది. నాలుగు వందల ఇరవైతొమ్మిది కోట్ల పైచిలుకు! మరి ఇదీ ప్రధాన సంఖ్యేనా?

ఫ్రాన్సు దేశంలో పియరీ ద ఫెర్మా అనే ఆయన ఉండేవాడు. టులూజు నగరంలో న్యాయస్థానంలో ఉద్యోగం. గణితం ఆయనకు తీరిక వేళల వ్యాసంగం. అయినా ఆ కాలంలో ఆయనకు సాటి రాగలవారు కొద్దిమందే. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్ముతున్నానని 1640లో ఆయన ఒక ఉత్తరంలో రాశాడు. రుజువు మాత్రం తనకు దొరకలేదన్నాడు. మొదటి మాటకంటె ఈ రెండో మాటే నాకు గొప్పగా తోస్తుంది.

అంతటివాడి మాటను పరీక్షించటం ఎలాగ? 65,536 లోపల ప్రధాన సంఖ్యలు 6,542 ఉన్నాయి. అన్నిటితోనూ భాగించి చూడాలంటే పలకలు అరిగిపోతాయి! (అంతకు పైన వెతకనక్కరలేదు. ఎందుకో మీరే ఆలోచించండి.)

1732లో పాతికేళ్ల ఆయిలర్ దీని గుట్టు బయటపెట్టాడు. స్విట్జర్లండులో పుట్టిన ఈయన అప్పుడు రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గులో ఉన్నాడు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు 1 మిగలవలసిందేనని ఆయనే తరవాత రుజువు చేశాడు. ఎందుకన్నది పై తరగతుల పాఠం. కాని దీనితో పని ఎంత తేలికైపోయిందో చూడండి! 65, 129, 193, 257... ఇలా 64 చొప్పున పెంచుకుంటూ పోవాలి. వీటిలో ప్రధాన సంఖ్యలు కానివి తీసేస్తే 193, 257, 449, 577 మిగులుతాయి. ఈ నాలుగింటితోనూ శేషం వస్తుంది. అయిదవది 641. దానితో సరిగ్గా తెగిపోయింది!

నా మాట నమ్మవద్దు, వేసి చూడండి. 67,00,417ను 600తో హెచ్చవేస్తే 402,02,50,200. 40తో అయితే 26,80,16,680. 1తో అదే సంఖ్య. మూడూ కూడండి. పెద్దలకు ఒక మనవి: పిల్లలు కూడుతూ ఉండగా ఫోను తీసి జవాబు చూపించకండి.

ఆరవది పోయింది సరే, తక్కినవి? ఏడవ సంఖ్యకు ఇరవై అంకెలు. దాన్ని 2,74,177 నిశ్శేషంగా భాగిస్తుందని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టాడు. 65,537 తరవాత ఈ వరసలో మరొక్క ప్రధాన సంఖ్య ఇంతవరకూ దొరకలేదు. ఇక ఉండదని రుజువు చేసినవారూ లేరు.

ఏడవ సంఖ్యకు 64 చాలదు, 256 తీసుకోవాలి. 2,74,177ను 256తో భాగించి, ఏమి మిగులుతుందో చూడండి.