పశ్చాత్తాపమూ, మారుమనస్సూ

ఈ మధ్య క్లాసులో పశ్చాత్తాపం అనే మాటకు అర్థం చెబుతున్నాను. వెనక బెంచీనుంచి ఒక కుర్రవాడు లేచి, “మారుమనస్సు అనొచ్చాండీ?” అన్నాడు. “అది మిషనరీ తెలుగు నాయనా, మనకెందుకు?” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. కుర్రవాడు తల వంచుకు కూర్చున్నాడు.

వంచిన ఆ తల వారం రోజులు నన్ను వదలలేదు. చివరికి పుస్తకాలు తిరగేసి ఆ మాట పుట్టుక చూశాను.

బైబిలులో కొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాసినది. యోహానూ, యేసూ జనానికి చేసిన బోధ అందులో ‘మెటనోయెయో’ అనే క్రియతో మొదలవుతుంది (మత్తయి 3, 4 అధ్యాయాలు). ‘మెటా’ అంటే తరువాత. మార్పు అనే అర్థమూ ఉన్నది. ‘నోయెయో’ అంటే ఆలోచించడం. వెరసి, ఆలోచన మార్చుకుని వేరే దారికి మళ్ళడం.

మన పశ్చాత్తాపంలోనూ ‘తరువాత’ ఉన్నది. కాని తరువాత వచ్చేది తాపం, అంటే మంట. దానికి దగ్గరైన గ్రీకు క్రియ ‘మెటమెలోమై’. యేసును పట్టి ఇచ్చిన యూదా విషయంలో మత్తయి వాడినది ఇదే (27వ అధ్యాయం). యూదా కుమిలిపోయాడు, ముప్ఫై వెండి నాణేలూ తిరిగి ఇచ్చాడు, ఉరి పోసుకున్నాడు. తెలుగు బైబిలు కూడా అక్కడ పశ్చాత్తాపమనే అన్నది.

అలాగని రెంటికీ నడుమ గోడ కట్టరాదు. తండ్రి తోటకు పొమ్మంటే పోనని, తరువాత వెళ్ళిన కొడుకు కథలో (21వ అధ్యాయం) ఉన్నదీ ఈ రెండో క్రియే. వాడి బాధ వాడి కాళ్ళను కదిలించింది.

లాటిన్ బైబిలు మొదటి క్రియను ప్రాయశ్చిత్తం చేయమన్నట్లు ధ్వనించే మాటలతో అనువదించింది. 15వ శతాబ్దంలో వల్లా, 1516లో గ్రీకు మూలాన్ని అచ్చువేసిన ఎరాస్మస్ దానిని ప్రశ్నించారు. 1517లో లూథర్ తన 95 వాదాలలో మొదటిదానిని ఈ మాట మీదనే నిలిపాడు. ఇది ఒకనాటి తంతు కాదు, బ్రతుకంతా సాగవలసినదని అతని భావం.

ఇక మన తెలుగు మాట. మారుపేరు, మారువేషం, మారుమనస్సు! ఇంతకంటే తెలుగు పోకడ ఏముంటుంది?

వారం రోజులూ నేను పడినది పశ్చాత్తాపమే. దానివల్ల ఆ కుర్రవాడికి ఒరిగినదేమీ లేదు. నిన్న అదే క్లాసులో, అందరి ఎదుటా, తప్పు నాదని చెప్పాను.

కుర్రవాడు తల ఎత్తి చూశాడు.