నలిగిన నరం, మేల్కొన్న జన్యువులు

మా బంధువులలో ఒక పెద్దావిడ ఉన్నారు. మేమంతా ఆమెను ఖాలా అని పిలుస్తాము. ముప్పై ఏళ్ళు కుట్టుపని చేసి ముగ్గురు పిల్లలను చదివించిన మనిషి. కొన్నేళ్ళ క్రితం ఆమె కుడిచేయి రాత్రిపూట తిమ్మిరెక్కడం ఆరంభమయింది. ఫజ్ర్ వేళకు లేచేసరికి బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారి ఉండేవి. చేతిని గట్టిగా విదిలిస్తే కాసేపటికి స్పర్శ తిరిగి వచ్చేది. “ఏమీ లేదు బేటా, వయసు కదా” అని ఆమె తేలికగా తీసుకున్నారు. నూనెలు మర్దించారు. నరాల బలహీనత అని ఎవరో చెబితే బలానికి సూదులు వేయించుకున్నారు. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి. సూదిలో దారం ఎక్కించలేని స్థితి వచ్చాక, వేడి గిన్నె తగిలి వేలు కాలిన సంగతి బొబ్బను చూసేదాకా తెలియని స్థితి వచ్చాక, అప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్ళారు.

ఈ వ్యాధిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మన మణికట్టు లోపల ఒక ఇరుకైన సొరంగం ఉన్నది. దాని అడుగున, పక్కలా చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీ వంటి పొర. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు మీడియన్ అనే నరం ఈ దారి గుండానే అరచేతిలోకి వెళతాయి. లోపల వాపు పెరిగితే ఎముక జరగదు, పట్టీ సాగదు, కనుక నలిగేది నరమే. పురుషులకంటే స్త్రీలలో ఇది ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారికి, గర్భిణులకు ముప్పు మరింత. చిటికెన వేలికి వెళ్ళే నరం వేరే దారిలో వెళుతుంది. అందువలన ఈ వ్యాధిలో మిగతా వేళ్ళు మొద్దుబారినా చిటికెన వేలు చక్కగా ఉంటుంది. పాఠక సోదరీమణులు ఈ ఒక్క గుర్తును మనసులో ఉంచుకుంటే మేలు.

ఖాలాకు ఆ పట్టీని కోసి నరాన్ని వదులు చేశారు. చిన్న ఆపరేషన్, చేతికి మాత్రమే మత్తు, ఆ రోజే ఇంటికి వచ్చేశారు. రాత్రి నొప్పి త్వరలోనే తగ్గింది. కాని వేలి కొనలకు స్పర్శ రాలేదు. నెల గడిచినా రాలేదు. “బిగుతు వదిలించారు కదా, మరి వేలు ఎందుకు మేల్కోలేదు?” అని ఆమె నన్ను అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు మణికట్టులో దొరకదు, ఇంకా లోపలికి వెళ్ళవలసి ఉంటుంది.

స్పర్శను తెలిపే నాడీకణపు ముఖ్యభాగం మెడ దగ్గర వెన్నెముక పక్కన ఉంటుంది. అక్కడి నుండి వేలి కొన దాకా వెంట్రుకకంటే సన్నని ఒకే తంతువు సాగి వస్తుంది. ఆ తంతువును పొడవునా కాచుకుని ఉండేవి ష్వాన్ కణాలు. వీటిలో చాలా భాగం తంతువు చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగును చుడతాయి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే. నరం కొంతకాలమే నలిగితే దెబ్బతినేది ఈ తొడుగే. ఒత్తిడి తొలగితే వారాలలో అది బాగుపడుతుంది. ఏళ్ళ తరబడి నలిగితే మాత్రం లోపలి తంతువే తెగిపోతుంది. తెగిన చోటునుండి వేలి కొన వరకు ఉన్న భాగం శిథిలమవుతుంది. ఇంగ్లండుకు చెందిన ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి, 1850లో ఈ సంగతిని మొదట వివరించాడు.

శిథిలమైన ఆ దారిలోకి కొత్త తంతువు మళ్ళీ పెరిగి రావాలి. దాని వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుండి చూపుడు వేలి కొనకు పద్దెనిమిది సెంటీమీటర్లు అనుకుంటే, లెక్క మీరే వేయండి, ఆరు నెలలు. భుజం దగ్గర నరం తెగినవారికైతే అరచేతిని చేరేందుకు రెండేళ్ళు పడుతుంది.

ఈ ఆరు నెలలలో లోపల జరిగే పనిని నడిపించేవి జన్యువులు. మన ప్రతి కణంలోనూ ఇరవై వేల వరకు జన్యువులు ఉన్నాయి. కాని అన్నీ ఒకేసారి పనిచేయవు. వంటింట్లో ఇరవై డబ్బాలున్నా, ఈ పూట ఏ డబ్బా మూత తీశామన్నదే కూర రుచిని నిర్ణయిస్తుంది కదా! నరానికి గాయం కాగానే ష్వాన్ కణం పాత డబ్బాలకు మూతలు బిగించి కొత్తవి తెరుస్తుంది. మైలిన్ తయారు చేయించే జన్యువులు సద్దుమణుగుతాయి. సి-జున్ అనే జన్యువు మేల్కొని, దాని వెనుక మరెన్నింటినో మేల్కొలుపుతుంది. నిన్నటిదాకా తొడుగు నేసిన కణమే నేడు చెడిన తొడుగును తానే జీర్ణం చేసుకుంటుంది, శిథిలాలను తొలగించే రక్షక కణాలను పిలుస్తుంది, పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్లను వెలువరిస్తుంది. ఆపై సాటి కణాలతో వరుసగా నిలిచి, వచ్చే తంతువుకు దారి చూపుతుంది. మెదడులో, వెన్నుపాములో ష్వాన్ కణాలు లేవు. అక్కడి తొడుగు కణాలకు ఈ విద్య తెలియదు. వెన్నుపాము దెబ్బ మానకపోవడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

అయితే ఈ మరమ్మతు కణాలు ఎల్లకాలం వేచి ఉండవు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో క్రిస్ట్యాన్ యెస్సెన్, రోనా మిర్‌స్కీ బృందం ఎలుకలలో చేసిన పరిశోధనలు ఈ సంగతిని తేటతెల్లం చేశాయి. ష్వాన్ కణాలలో సి-జున్ లేకుండా చేస్తే నరం సరిగా బాగుపడలేదు. తంతువు రాక బాగా ఆలస్యమైతే సి-జున్ దానంతటదే తగ్గిపోయింది, కణాలు మరమ్మతు గుణాన్ని కోల్పోసాగాయి. వయసు మీరిన ఎలుకలలోనూ అంతే. ఆలస్యంగా అతికిన నరాలు సరిగా కోలుకోవని శస్త్రచికిత్సకులకు అనుభవంతో ఎప్పుడో తెలుసు. దాని వెనుక ఉన్న కారణం ఇప్పుడు కనబడుతున్నది.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి? పరిశోధన కోసం ఎవరి నరాన్నీ కోయలేము. 1903లో హెన్రీ హెడ్ అనే లండన్ వైద్యుడు ఈ చిక్కును తప్పించుకునేందుకు తన ఎడమ ముంజేతి నరాన్నే కోయించుకున్నాడు! స్నేహితుడు రివర్స్ నాలుగేళ్ళపాటు ఆ చేతిని పరీక్షించాడు. సూది గుచ్చిన నొప్పి ముందుగా తిరిగి వచ్చింది, మృదుస్పర్శ చాలా ఆలస్యంగా వచ్చింది. 1908లో వారు దీనిని ‘బ్రెయిన్’ పత్రికలో ప్రకటించారు. సాహసమే, కాని అనుకరించదగినది కాదు.

112 ఏళ్ళ తరువాత, 2020లో, అదే పత్రికలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల వ్యాసం ఒకటి వెలువడింది. వారి ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కార్పల్ టన్నెల్ రోగులకు ఎలాగూ ఆపరేషన్ జరుగుతుంది. నరం నలిగిన చోటు తెలుసు, విడుదలైన తేదీ తెలుసు. కనుక ఎవరికీ కొత్త గాయం చేయకుండానే మరమ్మతును గమనించవచ్చు. అరవై మందిని ఆపరేషన్‌కు ముందు, ఆరు నెలల తరువాత పరీక్షించారు. చూపుడు వేలి చర్మం నుండి చిన్న ముక్కలు తీసి, అందులో నరాల కొనలు ఎన్ని తిరిగి మొలిచాయో, ఏ జన్యువులు చురుకుగా ఉన్నాయో ఆర్.ఎన్.ఏ. ద్వారా చూశారు. ఏ డబ్బా తెరిచి ఉన్నదో చెప్పేది ఈ ఆర్.ఎన్.ఏ. పరీక్షే. చర్మంలో నరాలు తిరిగి మొలవడంతో ముడిపడి కనిపించిన జన్యువు ఎ.డి.సి.వై.ఎ.పి.-1. అది పకాప్ అనే చిన్న ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. మానవ మూలకణాల నుండి పెంచిన నాడీకణాలకు ప్రయోగశాలలో పకాప్ ఇచ్చి చూస్తే, మోతాదు పెరిగినకొద్దీ తంతువులు మరింత సాగి, మరింతగా కొమ్మలు వేశాయి.

అయితే పకాప్ సూది వేయించుకుంటే సరిపోదా అనిపించవచ్చు. 1989లో గొర్రె మెదడు నుండి మొదట వేరు చేసిన ఈ ప్రొటీన్ శరీరంలో అనేక పనులు చేస్తుంది. మైగ్రేన్ ఉన్నవారికి దీనిని రక్తనాళంలోకి ఎక్కిస్తే తలనొప్పి దాడి మొదలవుతుంది. మైగ్రేన్ తగ్గించేందుకు పకాప్‌ను అడ్డుకునే మందులే పరీక్షలలో ఉన్నాయి. ఒకచోట మిత్రుడైనది మరొకచోట శత్రువు! కనుక వేలి కొన దగ్గర మాత్రమే పనిచేసే మార్గం దొరికేదాకా ఇది చికిత్సగా మారదు. నరాలకు బలమంటూ అమ్మే సీసాలకు, ఈ పరిశోధనకు ఏ సంబంధమూ లేదు. బి-12 లోపం ఉన్నట్లు రక్తపరీక్షలో తేలితే ఆ విటమిన్ తప్పక తీసుకోవలసిందే. కాని అది నలిగిన నరం మీది బిగుతును వదిలించలేదు.

మొదట్లోనే వెళితే, రాత్రి మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీతోనే చాలామందికి ఉపశమనం లభిస్తుంది. గర్భిణులకు ప్రసవం తరువాత తరచుగా దానంతటదే తగ్గుతుంది. నరంలో సంకేతం ఎంత వేగంగా పోతున్నదో చూసే పరీక్ష చేయిస్తే వ్యాధి తీవ్రత తెలుస్తుంది. బొటనవేలి కింది కండ కరగడం మొదలైతే మాత్రం ఇక ఎదురుచూడరాదు.

ఖాలాకు తొమ్మిదో నెలలో స్పర్శ చాలావరకు తిరిగి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించి నాకు చూపించారు. బొటనవేలి కింద కండ కరిగిన గుంట మాత్రం అలాగే ఉన్నది. గట్టి మూతలు కోడలే తీయాలి. కిందటి చలికాలంలో ఎడమ చేతికి తిమ్మిరి మొదలైంది. రెండో వారంలోనే ఆమె ఫోను చేశారు. “బేటా, ఆ రాత్రిపూట కట్టుకునే పట్టీ ఎక్కడ దొరుకుతుంది?”