ఫూఫీకి చెప్పని శుభవార్త

జనగామలో ఓ ఇంట ఆడపిల్లకు నిస్బత్ కుదిరింది. అబ్బాయిది మహబూబాబాద్. ఇరువైపుల పెద్దలూ నోరు తీపి చేసుకుని లేవకముందే ఫోటో వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కింది. భూపాలపల్లిలో ఉంటున్న అమ్మాయి మేనత్త దాన్ని పక్కింటి పిల్లవాడి ఫోన్‌లో చూసింది. "చాచీ, ఈమె మీ అన్న కూతురే కదా?" అన్నాడు వాడు. "ఔను బేటా, నాకు ముందే తెలుసు" అందామె. అన్న పరువు కోసం ఆడిన అబద్ధం అది. పేర్లెందుకు? ఇలాంటి ఇల్లు మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

2016లో వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. మన బంధుత్వాలు మాత్రం ఇంకా పాత జిల్లాలోనే ఉన్నాయి.

నికాహ్‌ను నలుగురికీ తెలియజేయాలని ఇస్లాం చెబుతోంది కదా, స్టేటస్ కూడా ప్రకటనే కదా అని మన యువకులు అడుగుతారు. ప్రశ్న సబబే. గల్ఫ్‌లో ఉన్న అన్నకు ఫోనే దిక్కు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో పెళ్లి చేసుకున్న సంగతి దైవప్రవక్త (స)కు ముందుగా తెలియనే తెలియదు. ఆయనపై పసుపు వన్నె సుగంధపు మరక చూసి ప్రవక్త (స) విషయమేమిటని అడిగారు. అన్సారీ మహిళను వివాహమాడానని ఆయన చెప్పారు. ప్రవక్త (స) నొచ్చుకోలేదు. మహర్ ఎంత ఇచ్చావని అడిగారు, శుభం కలగాలని దుఆ చేశారు, ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇమ్మన్నారు. ఎదురెదురుగా నిలబడితే ఒక్క వార్తకు ఇన్ని లభించాయి. స్టేటస్‌కు లభించేది ఒక బొటనవేలి గుర్తు.

పైగా తెలియజేయమన్నది నికాహ్‌ను. నిస్బత్ ఇంకా మాట వరకే. అది చెడిపోవచ్చు. స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది గాని, ఎవరో దాచుకున్న ఫోటో మాయం కాదు. రేపు మరో సంబంధం వచ్చినప్పుడు ఆ ఫోటో ముందుగా ఆ ఇంటికి చేరుతుంది. "అప్పుడేమైంది?" అని అబ్బాయిని ఎవరూ నిలదీయరు. అమ్మాయి తల్లి మాత్రం ప్రతి గడపలో జవాబు చెప్పుకోవాలి. కుమారుడు యూసుఫ్ (అ) చూసిన శుభస్వప్నాన్ని సోదరులకు సైతం చెప్పవద్దని హజ్రత్ యాఖూబ్ (అ) వారించిన సంగతి దివ్యఖురాన్‌లో చదువుతూనే ఉన్నాం. తండ్రికి ఆ జాగ్రత్త ఉండాలి.

స్టేటస్ పెట్టవద్దని నేననను. నికాహ్ అయ్యాక పెట్టుకోండి. అంతకుముందు ఫోన్ చూడలేని నానీకి, దూరాన ఉన్న ఫూఫీకి, అలిగి ఉన్న చాచాకి మనిషి వెళ్లి చెప్పాలి. అలిగినవారికైతే మరీను.

ఆ జనగామ ఇంట నికాహ్‌కు ఇంకా నెల ఉంది. ఫజర్ నమాజ్ చేసి హన్మకొండ బస్సెక్కితే, అక్కడ బస్సు మారి భూపాలపల్లి వెళ్లి, చెల్లెలి చేతి చాయ్ తాగి ఇషాకు ఇల్లు చేరవచ్చు.