వేఁడిపానీయముల వివాదము

అమెరికాదేశమునఁ బుట్టిన మోర్మను సంఘమువారి యువప్రచారకులు జతలు జతలుగా నిల్లిల్లు దిరుగుట లోకవిదితము. 18, 19 ఏండ్ల ప్రాయమున నిల్లు విడిచి, పురుషులు 24 మాసములు, స్త్రీలు 18 మాసములు సంఘసేవ చేయుదురు. ఆ సాహసమును మేము పరిహసింపము. కాని, ఒకే గదిలో నివసించు నిద్దఱిలో నొకఁడు కోలా త్రాగఁగా, రెండవవాఁడు దానిని దోషముగా నెంచి మొగము ద్రిప్పుకొనుట తటస్థించినప్పుడు, ఆ కలహము పానీయమును గూర్చినది గాదనియు, శాస్త్రమును జదువు విధమును గూర్చిన దనియుఁ జెప్పక తప్పదు.

1833 ఫిబ్రవరి 27వ తేదీని ఒహాయో రాష్ట్రములోని కర్ట్‌లాండునందు జోసెఫ్ స్మిత్తు ప్రకటించిన ‘జ్ఞానవాక్యము’ వీరి యాహారనియమమునకు మూలము. శిష్యులు పొగాకు గాల్చుచు, నమలి యుమియుచుఁ గూర్చుండిన గదిని శుభ్రము చేయలేక యాయన భార్య ఎమ్మా విసిగె నని యా సంఘమువారే చెప్పుకొందురు. గృహిణి పడిన కష్టము ధర్మమునకుఁ గారణ మగుట మా దృష్టిలో నవమానము గాదు, వన్నె. మద్యము, పొగాకు, వేఁడిపానీయములు వలదనియు, ధాన్యము ముఖ్యాహార మనియు, మాంసమును మితముగా, చలికాలమునను కఱవునను మాత్రమే గ్రహించుట మేలనియు నందుఁ గలదు. ఇది యాజ్ఞగాఁ గాక హితముగాఁ జెప్పఁబడిన దనియు, బలహీనులలోఁ గడు బలహీనునకు సయితము సాధ్యమగునట్లు కూర్పఁబడిన దనియు దాని పీఠికయే పలుకుచున్నది.

వేఁడిపానీయము లనఁగాఁ దేనీరు, కాఫీ యని 1842లో హైరమ్ స్మిత్తు వ్యాఖ్యానించెను. 1921లో, హీబర్ జె. గ్రాంటు అధ్యక్షుఁడుగా నున్నప్పుడు, ఈ హితము దేవాలయప్రవేశమునకు నియమ మయ్యెను. కెఫీనును సంఘము నిషేధింపలేదని 2012లోఁ బ్రకటన వెలువడినను, బ్రిగమ్ యంగు విశ్వవిద్యాలయములోఁ గెఫీను గల శీతలపానీయములు 2017లోఁ గాని యమ్మకమునకు రాలేదు. చల్లని కాఫీయుఁ బచ్చతేయాకునీరును గూడదని 2019లో యువజనపత్రిక తెలిపెను. చల్లనిది వేఁడిపానీయ మెట్లగు నని నవ్వువారితో మేము నవ్వము; తన మాటకుఁ దా నర్థము చెప్పుకొను నధికారము సంఘమునకుఁ గలదు. మా యాక్షేపణము వేఱు.

కొందఱు యువకులు, చెప్పినది చేయుము, కారణ మడుగకుము, అందురు. మఱికొందఱు, పేరు పెట్టి నిషేధింపని దెల్ల గ్రాహ్యమే యని శక్తిపానీయముల డబ్బాలను ఖాళీ చేయుదురు. ఇరువురును దేహమున కేది మేలని యడుగుట మఱచిరి. నడివేసవిలోఁ బూటపూటకు మాంసము భుజించి, తేనీటిగిన్నెను జూచి యులికిపడు యువకుని నెవ్వఁడు ప్రశ్నించుచున్నాఁడు? వేఁడిపానీయములతోఁబాటు మాంసనియమమును నా వాక్యములోనిదే. కాని దేవాలయద్వారమున దానిఁ బట్టి యెవ్వరిని నాపుట లేదు. అర్జెంటీనాలోని సంఘస్థులు మాటే యను నాకుకషాయమును వేఁడిగానే త్రాగుదురు. అందుఁ గెఫీను గలదు. ఉత్తరదేశమునుండి క్రొత్తగా వచ్చిన ప్రచారకుఁ డచ్చట నెవ్వరికి బోధింపవలెను, ఎవ్వరివలన నేర్చుకొనవలెను?

చిన్న నియమమున విధేయుఁడైనవాఁడు పెద్దదానియందు దృఢుఁ డగునని పెద్ద లందురు. ఒప్పుకొందుము. కాని తన్నుఁ దాను నిగ్రహించుకొనుట యొకటి, తోడివానికిఁ గాపలా కాయుట మఱియొకటి. రేయింబవళ్లు విడువని జతలో నొకఁడు న్యాయాధిపతి యైనచో రెండవవానికి నిలువనీడ యుండదు. తెలియక త్రాగిన గ్రుక్కెడు తేనీటికై వాఁడు రాత్రులు నిద్ర మానవలెనా? కడు బలహీనునికొఱకుఁ జెప్పిన హితము బలవంతుని చేతికఱ్ఱ యగుట యిదియే.

ఈ చర్చ మనకు దూరము గాదు. భారతదేశమున వీరి మొదటి స్టేకు 2012లో హైదరాబాదునందే స్థాపింపఁబడినది. మన యిల్లాలు అతిథికిఁ గాఫీ తెచ్చును. ‘అమ్మా, ఇది మా వ్రతము’ అని యా యువకుఁడు చెప్పిన నామె కంతకంటె వివరణ మక్కఱలేదు. (ఏకాదశినాఁ డన్నము మాని యుప్మాతోఁ గడుపు నింపుకొనువారు మాత్ర మిచ్చట నవ్వకుండుట మేలు.) అట్లు గాక, నీ వింటఁ గాచినది విషము, త్రాగుట పాపము, అని బోధించెనేని, వాఁడు తన గ్రంథపీఠికకే ద్రోహము చేసినవాఁ డగును. ఈ పిల్లలను బంపు పెద్దలు, పయన మగుటకు ముం దా వాక్యమును ధాన్యముతోను మాంసముతోను గూడ మొదటినుండి తుదివఱకుఁ జదివింపవలె నని మేము కోరుచున్నాము. వ్రతమును వ్రత మనుఁడు, వైద్య మనకుఁడు. ఇఁక దాహ మందురా, మన యిల్లాలియొద్ద మజ్జిగ యున్నది.