కులం అడ్డొచ్చిన చోట కాపురానికి రుజువు

ఏలూరు మాదిగ కుర్రాడు, తాడేపల్లిగూడెం అగ్రకులపు అమ్మాయి అనుకుందాం. పెళ్లి కాలేదు. అతను కెనడాలో పీహెచ్‌డీకి వెళ్తున్నాడు. 2025 జనవరి నుంచి నిబంధనలు బిగిసినా, పీహెచ్‌డీ విద్యార్థి భాగస్వామికి ఓపెన్ వర్క్ పర్మిట్ దారి ఉంది. అక్కడి చట్టానికి పెళ్లే కానక్కర్లేదు. ఏడాది ఏకధాటిగా కలిసి కాపురమున్నా చాలు. రుజువులే కావాలి: ఇద్దరి పేర్ల అద్దె ఒప్పందం, జాయింట్ ఖాతా, ఒకే చిరునామాకొచ్చిన బిల్లులు.

“మీరేంటోళ్లు?” అని అడిగాకే తాళం తీసే ఊళ్లలో ఆ అద్దె ఒప్పందం ఎవరు రాసిస్తారు? కొల్లేరు లంకల్లో ఐతే ఎవరింట్లో ఎవరున్నారో సాయంత్రానికే ఊరందరికీ తెలుస్తుంది. పోనీ పెళ్లే చేసుకుందామంటే, ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఆఫీసు గోడకెక్కుతుంది. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్ హత్య చూసినవాళ్లకు ఆ నెల రోజుల భయం చెప్పక్కర్లేదు.

కెనడా నిబంధనల్లోనే ఒక మినహాయింపు ఉంది. పీడన వల్ల కలిసి ఉండలేకపోయినా, ఏడాదిగా దాంపత్య బంధంలో ఉన్నవారిని భాగస్వాములుగానే లెక్కిస్తారు. కన్సల్టెంట్లు ఈ మాట చెప్పగా మేం విన్నది తక్కువ. కుల బెదిరింపులు దాని కిందికి వస్తాయా అన్నది చూపే సాక్ష్యాన్ని బట్టి అధికారి తేల్చాలి. అందుకే బెదిరింపు మెసేజ్‌లు చెరిపేయొద్దని, పోలీసు ఫిర్యాదు రసీదు దాచుకోమని మమ్మల్ని అడిగినవాళ్లకు చెబుతున్నాం.